నాలుగేళ్లుగా మూలనున్న బోటు ఇంజిన్: బాగుచేయించాలా, వదిలేయాలా?

శ్రీకాకుళం జిల్లా తీర గ్రామం నుంచి ఒక పాఠకుడు రాసిన పెద్ద ఉత్తరం ఇది. క్లుప్తంగా చెబితే సంగతి ఇలా ఉంది.

ఆయన తండ్రి జీవితమంతా సముద్రం మీద వేటకు వెళ్లిన మనిషి. మోకాళ్లు సహకరించక నాలుగేళ్ల కిందట మానేశారు. అప్పటినుంచీ ఫైబర్ బోటు ఒడ్డున బోర్లించి ఉంది, 15 హార్స్‌పవర్ల రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ యమహా ఇంజిన్ పాకలో గోడకు చేరేసి ఉంది. పాఠకుడు నగరంలో ఉద్యోగం వదిలి ఊరికొచ్చి, బావతో కలిసి మళ్లీ వేట మొదలుపెట్టాలనుకున్నాడు. ఇంజిన్‌ను ఒక చెక్కబల్లకు బిగించి, కొత్తగా పెట్రోల్ పోసి తాడు లాగితే చాలాసేపటికి అందుకుంది. రెండు నిమిషాలు ఆడింది, తెల్లగా పొగ కక్కింది, ఆగిపోయింది. తర్వాత ఎంత లాగినా పలకలేదు. పట్నం నుంచి వచ్చిన మెకానిక్ తాడు నాలుగుసార్లు లాగి చూసి, "బోర్ పోయింది, పాతిక వేలవుతుంది, అయినా గ్యారంటీ లేదు" అన్నాడు. బావేమో దాన్ని పాత సామాన్లకు వేసేసి, అప్పు చేసైనా కొత్త ఫోర్ స్ట్రోక్ కొందామంటున్నాడు. అమ్మ పాత ఇంజిన్‌తో సముద్రంలోకి వెళ్లొద్దని అన్నం మానేసి కూర్చుంది. నాన్న మాత్రం "దానికేం కాలేదు" అని ఒక్కమాట అని ఊరుకున్నారు. "ఎవరి మాట వినాలి? ఇంజిన్ నిజంగా పోయిందా? నేనే చేసుకోగలనా?" అని అడుగుతున్నారు.

మీ ఇంట్లో అందరూ ఒకే విషయం మీద వాదించుకుంటున్నట్టు మీకు అనిపిస్తోంది. కానీ మీ బావ మాట్లాడేది డబ్బు గురించి, అమ్మగారు మాట్లాడేది ప్రాణం గురించి, నాన్నగారు మాట్లాడేది ఇంజిన్ గురించి. ఎవరి మాటా తప్పు కాదు. అయితే ఈ మూడింటికీ జవాబు చెప్పాల్సిన ఒక కొలత మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆ రెండు సిలిండర్లలో కంప్రెషన్, అంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు లోపలి గాలికి వచ్చే ఒత్తిడి, ఎంతుంది? మెకానిక్ గేజ్ పెట్టి చూశాడని మీరు రాయలేదు, హెడ్ (సిలిండర్ పై మూత) విప్పి చూశాడనీ రాయలేదు. తాడు లాగితే చేతికి తెలిసే బిగువును బట్టి బోర్, అంటే సిలిండర్ లోపలి గోడ, పోయిందని చెప్పడం అంచనాయే. అనుభవజ్ఞుల అంచనా తరచూ నిజమే కావచ్చు, కానీ పాతిక వేలు ఖర్చుపెట్టడానికి గానీ, ఇంజిన్‌ను పాత సామాన్లకు వేయడానికి గానీ అది చాలదు.

కొలతకు ముందు రెండు విషయాలు మీరే గుర్తుచేసుకోవాలి. మొదటిది: పెట్రోల్ పోశానన్నారు, అందులో ఆయిల్ కలిపారా? ఈ ఇంజిన్‌కు ఆయిల్ సంప్ (నూనె నిలవుండే తొట్టి) ఉండదు. పిస్టన్‌కు, బేరింగులకు అందే నూనె అంతా పెట్రోల్‌లో కలిసి వచ్చేదే. వట్టి పెట్రోల్‌తో రెండు నిమిషాలు ఆడితే పిస్టన్ మీద నిలువు గీతలు పడి ఉండే అవకాశం ఎక్కువ. రెండోది: చెక్కబల్లకు బిగించానన్నారు, కింద నీళ్ల డ్రమ్ము ఉన్నట్టు రాయలేదు. నీళ్లు లేకుండా ఆడించి ఉంటే వాటర్ పంపులోని రబ్బరు ఇంపెల్లర్ (నీళ్లు పైకి తోసే రెక్కల చక్రం) పాడైపోయినట్టే లెక్క. ఆ రబ్బరుకు నీళ్లే చలువ, నీళ్లే జారుడు. నాలుగేళ్లు ఒకే చోట వంగి గట్టిపడ్డ రెక్కలు పొడిగా తిరిగితే క్షణాల్లో కాలిపోతాయి. దాని ఖరీదు పెద్దది కాదు. కానీ అది లేకుండా ఇంకోసారి స్టార్ట్ చేస్తే పోయేది పెద్దదే. కాబట్టి ఇక ముందు నీళ్లు లేకుండా, ఒక్క నిమిషమైనా సరే, స్టార్ట్ చేయకండి.

ఇంకో ఆధారం ఆ ఇంజిన్ ఆగిన తీరులో ఉంది. స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగిందా? అయితే స్పార్క్ మీద అనుమానం. దగ్గుతూ, ఎగుడుదిగుడుగా ఆడి ఆగిందా? అయితే పెట్రోల్ అందలేదు, దోషం కార్బురేటర్‌ది. క్రమంగా బరువెక్కి, ఎవరో పట్టి ఆపినట్టు నెమ్మదించి ఆగి, వెంటనే తాడు లాగితే బిగుసుకుని, చల్లారాక మళ్లీ వదులైందా? అయితే వేడికి పిస్టన్ పట్టేసింది. మొదటి రెండూ తేలిక. మూడోదైతే మెకానిక్ మాటకు బలం ఉంది. తెల్లపొగకు మాత్రం భయపడకండి. సిలిండర్లో పాత నూనె, తేమ ఉన్న ఏ టూ స్ట్రోకైనా నాలుగేళ్ల తర్వాత మొదటిసారి అలాగే కక్కుతుంది.

ఇప్పుడు కొలత. రెండు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల టూ స్ట్రోక్ ఆయిల్ పోయండి. గేర్ న్యూట్రల్‌లో పెట్టి, తాడును మెల్లగా నాలుగైదుసార్లు లాగండి. తాడు కదలకపోతే దాని మీద వేలాడకండి, తాడు తెగుతుంది లేదా రికాయిల్ స్ప్రింగ్ పోతుంది. రెండు రంధ్రాల్లోనూ డీజిల్, ఆయిల్ సగం సగం కలిపి పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత పైన ఫ్లైవీల్ నట్టుకు సాకెట్ పెట్టి గడియారం ముల్లు తిరిగే వైపే కొద్దికొద్దిగా తిప్పండి. ఎదురు తిప్పితే నట్టు వదులవడమే కాక ఇంపెల్లర్ రెక్కలు కూడా వెనక్కి మడతపడతాయి.

స్వేచ్ఛగా తిరుగుతోందని తేలాక ఆ నూనెను గుడ్డ అడ్డంపెట్టి బయటికి కక్కించి, ఒక రోజు ఆరనిచ్చి కంప్రెషన్ చూడండి. సిలిండర్ గోడకు నూనె పట్టి ఉంటే గేజ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. గేజ్ కొనక్కర్లేదు, కార్ల మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకోండి. దాని మూతికి 14 మిల్లీమీటర్ల మర ఉండాలి. చిన్న బైకుల గేజ్ పట్టదు, వాటి ప్లగ్గు సన్నం. మీ ఇంజిన్ ప్లగ్గు మర పొడవు 12.7 మి.మీ. మాత్రమే కాబట్టి పొడుగాటి మూతి ఉన్న గేజ్ బిగిస్తే పిస్టన్ తగలొచ్చు, ముందు పాత ప్లగ్గు పక్కన పెట్టి పోల్చుకోండి. రెండు ప్లగ్ వైర్ల చివరలూ ఇంజిన్ బాడీకి ఎర్త్ చేయండి, లేకపోతే స్పార్క్ దూకే దారి లేక ఇగ్నిషన్ యూనిట్ పాడవుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, ముల్లు ఇక పెరగదనిపించేదాకా గట్టిగా ఐదారుసార్లు లాగండి. రెండు సిలిండర్లకూ అంకె రాసుకోండి.

అంకె ఎంత రావాలన్నది గేజ్‌ను బట్టి, లాగే చేతిని బట్టి కొంత మారుతుంది. వంద పీఎస్‌ఐకి అటూఇటూ ఉండి, రెండింటి మధ్య తేడా పది శాతం లోపుంటే బోర్ పోలేదు. ఒకటి 105, ఇంకోటి 70 అయితే ఆ 70 సిలిండర్లో దోషం ఉంది. అప్పుడు ఆ సిలిండర్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులు అరిగాయో, కార్బన్ పట్టి గాడిలో ఇరుక్కున్నాయో అయి ఉంటుంది. పెరగకపోతే హెడ్ గ్యాస్కెట్ గానీ, పిస్టన్ గానీ చూడాలి. ఫోన్ టార్చి ప్లగ్ రంధ్రంలోకి వేసి, పిస్టన్ కిందికి దించి సిలిండర్ గోడ చూడండి. నున్నగా మెరుస్తుంటే మంచిది. గోరు తగిలేంత లోతు నిలువు గీతలుంటే బోర్ చేయించక, అంటే సిలిండర్‌ను కొద్దిగా వెడల్పు చేయించక, తప్పదు. పలచని తుప్పు మచ్చలు మాత్రమే ఉంటే గోడను సన్నగా రుద్ది నునుపు చేసే హోనింగ్‌తో పోవచ్చు.

ఈ కొలతకు ఒక మధ్యాహ్నం పడుతుంది. మీ బావను కూడా పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. గేజ్ ముల్లును ఆయన కూడా చూస్తే రేపటి మాట వేరుగా ఉంటుంది.

కంప్రెషన్ బాగుంటే మిగిలింది స్పార్క్, పెట్రోల్, నీళ్లు. స్పార్క్ గురించి త్వరగా చెప్పేస్తాను. కొత్త ప్లగ్గులు కొనండి. ఈ సైజు యమహాలకు సాధారణంగా బి7హెచ్‌ఎస్-10 వాడతారు, గ్యాప్ ఒక మిల్లీమీటరు. పాత ప్లగ్గు మీది నంబర్‌తో సరిచూసుకోండి. ప్లగ్గును వైరుకు తొడిగి, లోహపు భాగం ఇంజిన్ బాడీకి ఆనించి, నీడలో తాడు లాగండి. నీలంగా, టిక్‌టిక్‌మని దూకితే చాలు. ఎర్రగా, నీరసంగా ఉన్నా, అసలు లేకపోయినా ముందు అనుమానించాల్సింది కాయిల్‌ను కాదు, ఆపే స్విచ్‌ను. ఆ స్విచ్‌కు తగిలించే ఎర్ర తాడు క్లిప్పు ఊడిపోయినా, ఆ స్విచ్ లోపల ఉప్పు పట్టినా స్పార్క్ రాదు. స్విచ్ నుంచి వచ్చే తెల్ల వైరును కనెక్టర్ దగ్గర తాత్కాలికంగా విప్పి చూడండి. స్పార్క్ వస్తే కొత్త స్విచ్ వేస్తే సరిపోతుంది. అయితే ఆ వైరు విప్పి ఉండగా ఇంజిన్ స్టార్ట్ అయితే స్విచ్‌తో ఆగదు, చోక్ పూర్తిగా లాగి ఊపిరాడకుండా చేసి ఆపాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు ప్లగ్ రంధ్రాలు గుడ్డతో మూయండి, పెట్రోల్ డబ్బా దూరంగా పెట్టండి. పెట్రోల్ ఆవిరి ఉన్నచోట నిప్పురవ్వ ఆటకాదు.

అసలు తంటా పెట్రోల్‌తోనే వస్తుంది. మీ ఇంజిన్ తయారైన రోజుల్లో మన బంకుల్లో దొరికిన పెట్రోల్ వేరు, ఇప్పటిది వేరు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2023లో మొదలై ఇప్పుడు దాదాపు అన్ని బంకులకూ వచ్చేసింది. ఇథనాల్‌కు రెండు గుణాలు. పాత రబ్బరును మెత్తబరిచి, పొరలు పొరలుగా ఊడేలా చేస్తుంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రపు ఒడ్డున, సగం ఖాళీగా ఉన్న డబ్బాలో చాలాకాలం ఉంటే తేమ ఎక్కువై ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకు దిగిపోతాయి. మీరు కలిపిన ఆయిల్ పైనున్న పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. డబ్బాలోని గొట్టం పీల్చేది అడుగునుంచి. అంటే ఇంజిన్‌కు మొదట అందేది నూనె లేని నీళ్ల ద్రావణం. వేటకు వెళ్లిన ఇంజిన్ ఒడ్డున బాగానే ఉండి, నడిసముద్రంలో పట్టేయడానికి ఇదొక కారణం. డబ్బాలో ఉన్న దాన్ని గాజు సీసాలో పోసి రాత్రంతా కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ఆ పెట్రోల్ ఇంజిన్‌కు పనికిరాదు. ఇకపై వారానికి సరిపడా మాత్రమే కలుపుకోండి, డబ్బా నిండుగా ఉంచండి.

డబ్బా నుంచి ఇంజిన్ దాకా ఉన్న గొట్టం, మధ్యలో చేత్తో నొక్కే బల్బు, రెండు చివర్ల కనెక్టర్ల రబ్బరు వాషర్లు, నాలుగేళ్ల తర్వాత ఇవన్నీ మార్చేయడమే మేలు. బల్బు మీద బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉండాలి. దాన్ని నిలువుగా పట్టుకుని నొక్కితే పది పదిహేను నొక్కుళ్లలో గట్టిపడాలి. గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది. గట్టిపడి మళ్లీ మెత్తబడుతూ కార్బురేటర్ నుంచి పెట్రోల్ కారుతుంటే లోపలి సూది వాల్వు కూర్చోవడం లేదు. ఇంజిన్ పక్కనున్న ఫ్యూయల్ పంపులో డయాఫ్రం అనే పలచని పొర ఉంటుంది, దానికి చిన్న రంధ్రం పడినా పెట్రోల్ అందదు. కిట్ తెచ్చి అది కూడా వేయండి.

కార్బురేటర్ విప్పేముందు ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి. కింది గిన్నె విప్పితే పసుపు బంక గానీ, పచ్చటి పొడి గానీ కనిపిస్తుంది, అదే పాత పెట్రోల్ మిగిల్చిన మడ్డి. పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాలున్న మెయిన్ జెట్, పైలట్ జెట్ రెండూ విప్పి కార్బ్ క్లీనర్ కొట్టి, వెలుతురుకు ఎత్తి చూడండి. అవతల వెలుగు గుండ్రంగా కనపడాలి. పైలట్ జెట్ రంధ్రం వెంట్రుక మందాన ఉంటుంది, అందరూ మోసపోయేది దాని దగ్గరే. బయటికి శుభ్రంగా కనిపిస్తుంది, లోపల మూసుకుని ఉంటుంది. ఇనుప తీగ, పిన్నీసు గుచ్చకండి, రంధ్రం పెద్దదైతే ఇక సరికాదు. వైరులోని సన్నని రాగి పోగు, పంక్చర్ షాపులోని గాలి చాలు. గాలి స్క్రూను విప్పేముందు, అది లోపలికి తగిలేవరకు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోండి. మళ్లీ అన్నే చుట్లు వెనక్కి తిప్పి పెట్టాలి. దాన్ని గట్టిగా బిగిస్తే సూదిమొన దెబ్బతింటుంది. ఈ పని మీ నాన్నగారి పక్కన కూర్చుని చేయండి. ఆ ఇంజిన్ స్లో ఎక్కడ నిలబడుతుందో ఆయన చెవికి తెలుసు.

ఆయిల్ విషయంలో దయచేసి పొదుపు చేయకండి. బైకులకు వాడే 2టీ ఆయిల్ గాలితో చల్లబడే ఇంజిన్ల కోసం చేసింది. నీటితో చల్లబడే బోటు ఇంజిన్ అంత వేడెక్కదు కాబట్టి ఆ ఆయిల్‌లోని బూడిద ప్లగ్గులకు, రింగులకు పేరుకుంటుంది. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్నదే కొనండి. మీ మోడల్ మాన్యువల్‌లో వేరే చెప్పకపోతే లీటరుకు 20 మిల్లీలీటర్లు, అంటే 50కి 1. కొత్త రింగులు, పిస్టన్లు వేసి ఉంటే మొదటి పది గంటలు లీటరుకు 40. డబ్బాలో ముందు ఆయిల్, కొంచెం పెట్రోల్ పోసి బాగా కదిపి, తర్వాత మిగతా పెట్రోల్ పోయండి. కంటి అంచనాతో కాకుండా కొలత సీసాతో కలపండి.

ఇక నీళ్లు. ఇంజిన్ స్టార్ట్ అయిందంటే బాగైనట్టే అనుకోకండి. స్పార్క్, పెట్రోల్ ఉంటే చల్లబడని ఇంజిన్ కూడా స్టార్ట్ అవుతుంది, మీది అయింది కూడా. అమ్మగారి భయానికి నిజమైన సమాధానం ఈ భాగంలోనే ఉంది.

ఇంజిన్ కింది భాగం, అంటే నీళ్లలో తిరిగే ఫ్యాను, గేర్లు ఉన్న ముక్కను పైకాలికి పట్టి ఉంచే బోల్టులు విప్పాలి. ఉప్పునీటిలో అల్యూమినియంలో స్టీలు బోల్టు బిగిస్తే రెండూ ఒకదాన్నొకటి తిని తెల్లటి పొడిగా మారి అతుక్కుపోతాయి. స్పానర్ పెట్టి బలం చూపిస్తే బోల్టు తల తెగుతుంది, ఆ తర్వాత ఖర్చంతా దానిదే. రెండు రోజులు ముందు నుంచీ తుప్పు వదిలించే స్ప్రే కొడుతూ, బోల్టు తల మీద సుత్తితో చిన్నగా తడుతూ, చుట్టూ అల్యూమినియంను వేడి చేసి, కొంచెం బిగింపు వైపు, కొంచెం విప్పే వైపు కదుపుతూ తీయండి. గేర్ రాడ్డును కలిపే చోట ముందు వదులుచేయాలి. ఏ గేర్‌లో ఉండగా విప్పారో గుర్తుపెట్టుకుని మళ్లీ అందులోనే కలపండి.

పంపు మూత తీస్తే ఇంపెల్లర్ కనిపిస్తుంది. రెక్కలు లెక్కపెట్టండి. ఒక్క రెక్క ముక్క తగ్గినా అది పైకి పోయి నీటి గొట్టంలోనో, సిలిండర్ చుట్టూ ఉన్న సందుల్లోనో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని వెతికి తీయకుండా కొత్త ఇంపెల్లర్ వేస్తే నీళ్లు పైకి రావు. కొత్తది పెట్టేటప్పుడు షాఫ్టు మీద చిన్న తాళపు ముక్క పడిపోకుండా గ్రీజుతో అతికించుకోండి. పంపు గిన్నెలోకి నొక్కుతూ షాఫ్టును గడియారం ముల్లు వైపు తిప్పితే రెక్కలు సరైన దిశలో మడత పడతాయి. గిన్నె గోడ, కింది ప్లేటు గీతలు పడి ఉంటే అవి కూడా మార్చాలి, ఇంపెల్లర్ ఒక్కటే కొత్తదైతే ఒత్తిడి రాదు. షాఫ్టు పళ్లకు గ్రీజు రాయండి గానీ షాఫ్టు పైకొన మీద పూయకండి, అక్కడ గ్రీజు చిక్కుకుంటే పూర్తిగా లోపలికి కూర్చోదు. విప్పిన ప్రతి బోల్టుకూ మెరైన్ గ్రీజు రాసి బిగించండి.

సిలిండర్ తల దగ్గర మూత కింద థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటి దారి తెరిచే వాల్వు) ఉంటే తీసి చూడండి. ఉప్పు గడ్డకట్టి ఉంటుంది. గిన్నెలో నీళ్లు కాచి అందులో వేలాడదీస్తే 50 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై 60కి పూర్తిగా తెరుచుకోవాలి. చాలామంది దాన్ని తీసి పారేస్తారు. అప్పుడు ఇంజిన్ ఎప్పుడూ సరిగా వేడెక్కక ప్లగ్గులు తడిసి, కార్బన్ పేరుకుంటుంది. పాడైతే కొత్తది వేయండి.

గేర్ ఆయిల్ కూడా ఇప్పుడే. కింది స్క్రూ, పై స్క్రూ రెండూ విప్పి కారనివ్వండి. మజ్జిగలా తెల్లగా వస్తే సీళ్ల గుండా నీళ్లు చేరాయి, సీళ్లు మార్చాలి. నల్లగా వచ్చినా ఇనుప రజను లేకపోతే గేర్లు బాగున్నట్టే. కొత్త ఆయిల్ కింది రంధ్రం నుంచి పై రంధ్రంలో పొంగేదాకా ఎక్కించాలి. పైనుంచి పోస్తే గాలి చిక్కుకుని సగమే నిండుతుంది. ముందు పై స్క్రూ, తర్వాత కింది స్క్రూ, కొత్త వాషర్లతో బిగించండి.

ఇప్పుడు రెండు వందల లీటర్ల డ్రమ్ము సగం కోసి, మంచినీళ్లు నింపి, ఫ్యాను విప్పేసి, ఫ్యాను పైనున్న బల్లపరుపు రేకు మునిగేలా ఇంజిన్ దించండి. ఆరుబయటే పెట్టండి, పాకలో వద్దు. అందుకున్నాక అర నిమిషంలో వెనక చిన్న రంధ్రం నుంచి నీటిధార రావాలి. రాకపోతే వెంటనే ఆపండి. ఆ రంధ్రంలో కందిరీగ మట్టిగూడు ఉండటం కూడా మామూలే, సన్నని తీగతో పొడిచి చూడండి. ధార వస్తే స్లోలో పది నిమిషాలు ఆడనిచ్చి, సిలిండర్ తల మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా, రెండు మూడు క్షణాలు ఆనించగలిగేలా ఉండాలి, నీటిచుక్క వేస్తే చుయ్యిమనకూడదు. డ్రమ్ములో ఎక్కువ రేజ్ చేయకండి. పొగంతా నీళ్లలోకే వస్తుంది కాబట్టి బుడగలు పంపులోకి పోతాయి, ఇంజిన్ తన పొగ తనే పీల్చి ఆగుతుంది. దాన్ని చూసి ఇంజిన్ బాలేదనుకుంటారు.

స్లోలో వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగుతున్నా, యాక్సిలరేటర్ వదిలినా రేజ్ దిగకపోయినా ఆపేయండి. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) చివర్ల సీళ్లు గట్టిపడి గాలి పీలుస్తున్నాయన్నమాట. గాలెక్కువైతే పెట్రోల్‌తోపాటు నూనె కూడా తగ్గి పిస్టన్ పట్టేస్తుంది. కింది బేరింగు నుంచి గరగరమని శబ్దం వచ్చినా ఇంజిన్ విప్పాల్సిందే. ఈ రెండూ ఇంట్లో చేసుకునే పనులు కావు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను.

కంప్రెషన్ బాగుంటే మీకయ్యేది ప్లగ్గులు, గొట్టం, పంపు కిట్, కార్బురేటర్ కిట్, ఇంపెల్లర్, ఆయిళ్ల ఖర్చు, రెండు మూడు వారాల ఓపిక. మెకానిక్ చెప్పిన మొత్తంలో ఇది కొంత భాగమే. నష్టం ఏమంటే ఇంజిన్ పాతదే, ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది, మీరు దాన్ని ఎప్పుడూ చూసుకుంటూ ఉండాలి. మీకు ఆ ఓపిక ఉందా లేదా అన్నది మీకే తెలియాలి.

కంప్రెషన్ తక్కువుంటే మెకానిక్ దగ్గరికి వెళ్లండి, కానీ పాతిక వేలు దేనికో విడివిడిగా రాయించుకోండి. పిస్టన్లు, రింగులు, గ్యాస్కెట్లు, క్రాంకు సీళ్లు, బేరింగులు, బోర్ కూలి. సిలిండర్ విప్పాక మీ కళ్లతో చూస్తానని చెప్పండి. కార్బన్‌తో రింగులు ఇరుక్కుని ఉంటే శుభ్రం చేసి హోన్ చేసి కొత్త రింగులు వేస్తే చాలొచ్చు. గీతలు లోతుగా ఉంటే పావు మిల్లీమీటరు, లేదా అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేసి బోర్ చేయాలి. ఇదివరకే అర మిల్లీమీటరు దాకా బోర్ చేసి ఉంటే మళ్లీ చోటు ఉండకపోవచ్చు. ఆ సంగతి మీ నాన్నగారిని అడగండి. పిస్టన్ తల మీద చెక్కిన అంకె కూడా చెబుతుంది. క్రాంకు సీళ్లు మార్చకుండా బోర్ మాత్రం చేస్తానంటే ఒప్పుకోకండి. కొత్త పిస్టన్‌ను పాత సీళ్లు మళ్లీ పాడుచేస్తాయి.

సిలిండర్ బ్లాకును ఉప్పు తినేసి ఉంటే, క్రాంకు కూడా పోయి ఉంటే, బాగుచేయించడం మానేయండి. అప్పుడైనా కిలోల లెక్కన వేయకండి. కింది గేర్ భాగం, ఇగ్నిషన్ యూనిట్, కార్బురేటర్, బ్రాకెట్టు పనిచేసేవైతే అదే ఇంజిన్ వాడే వేరే బోట్లవాళ్లు విడిగా కొంటారు, తీరమంతా ఈ ఇంజిన్లున్నాయి.

బావ చెప్పే కొత్త ఫోర్ స్ట్రోక్ గురించి. పెట్రోల్ తక్కువ తాగుతుంది, ఆయిల్ కలపనక్కర్లేదు, నిశ్శబ్దంగా ఉంటుంది. ఆయన చెప్పేదాంట్లో న్యాయముంది. కానీ మీరు ఇసుకలో దింపే బోటువాళ్లు. 15 హార్స్‌పవర్ల టూ స్ట్రోక్ 36 నుంచి 40 కిలోలుంటే, అదే శక్తి ఫోర్ స్ట్రోక్ 50 కిలోల పైన ఉంటుంది. రోజూ భుజం మీద మోసేది మీ ఇద్దరే. మోసి పడుకోబెట్టేటప్పుడు కంపెనీ చెప్పిన పక్కకే పడుకోబెట్టాలి, వేరే వైపు పెడితే సంప్‌లోని ఆయిల్ సిలిండర్లలోకి పోతుంది. అప్పు సంగతి కూడా కూర్చుని లెక్కవేయండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజిన్ బోట్లకు వేట నిషేధం, ఆ రెండు నెలలూ కిస్తీ మాత్రం ఆగదు. ఇంజిన్లకు ప్రభుత్వ రాయితీ ఏదైనా నడుస్తోందేమో మీ ఊళ్లోని ప్రభుత్వ మత్స్య సహాయకుణ్ణి అడిగాకే షోరూముకు వెళ్లండి. ముందే కొనేస్తే తర్వాత రాయితీ అడగడానికి దారి ఉండకపోవచ్చు.

మీ బావకు నేరుగా ఇలా చెప్పొచ్చు: కంప్రెషన్ అంకెలు వచ్చేదాకా అప్పు మాట ఆపుదాం, బాగా లేకపోతే కొత్తదానికి నేనే ముందు సరేనంటాను. పాత ఇంజిన్ మీ నాన్నగారిది, ఖర్చు మీ ఇద్దరిదీ అయితే రేపు పంపకంలో దాని విలువ ఎంతని కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. బాగయ్యాక మాట్లాడుకోవడం కష్టం.

అమ్మగారికి "ఏం కాదులే" అనకండి. ఆమె భయానికి కారణాలున్నాయి. బదులుగా మీరు పెట్టుకున్న షరతులు చెప్పండి. మొదటి కొన్ని రోజులు ఒడ్డు కనిపించేంత దూరంలోనే, తోడు ఇంకో బోటు ఉంటేనే వెళ్తామని చెప్పండి. బోటులో తెడ్లు, లంగరు, లైఫ్ జాకెట్లు, స్టార్టింగ్ తాడు ఒకటి అదనంగా, రెండు కొత్త ప్లగ్గులు, ప్లగ్ స్పానర్, ఛార్జింగ్ ఉన్న ఫోన్ తడవని సంచిలో. ఎర్ర తాడు క్లిప్పును ఇంజిన్ పట్టినవాళ్లు చేతికి కట్టుకోవాలి, మనిషి నీళ్లలో పడితే ఇంజిన్ ఆగేది దానితోనే. నీటిధార ఆగితే వల మధ్యలో ఉన్నా సరే ఇంజిన్ ఆపాలన్న మాట మీ బావ కూడా ఒప్పుకోవాలి.

సముద్రంలో మొదటి అరగంట సగం రేజ్ దాటించకండి. తిరిగొచ్చాక ప్లగ్గులు విప్పి పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఇటుక రంగో, కాఫీ రంగో ఉంటే మంచిది. ఒకటి తెల్లగా ఉంటే ఆ సిలిండర్ వేడెక్కుతోంది, నల్లగా తడిగా ఉంటే అది మండటం లేదు. ప్లగ్గు మొన మీద నీటిచుక్కలుంటే హెడ్ గ్యాస్కెట్ మార్చేదాకా మళ్లీ వెళ్లకండి. ఒడ్డుకొచ్చిన ప్రతిసారీ అదే డ్రమ్ములో మంచినీళ్లతో పది నిమిషాలు ఆడించండి. తర్వాత పెట్రోల్ గొట్టం విప్పేసి, కార్బురేటర్ ఖాళీ అయ్యి ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా వదిలేయండి. వేట నిషేధానికి పక్కన పెట్టేటప్పుడు మాత్రం ప్లగ్ రంధ్రాల్లో ఆయిల్ పోసి, తాడు రెండుసార్లు లాగి, ఇంజిన్‌ను నిలువుగా ఉంచండి.